నికోడిమస్: రైలు రాని ఊరు

2020 జనగణనలో నికోడిమస్ జనాభా 14. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, వాయవ్య దిక్కున గ్రాహం కౌంటీలో, సోలమన్ నది దక్షిణ పాయకు దగ్గర్లో ఉందీ ఊరు. అంకె చూసి ఇది మొదటి నుంచీ మారుమూల పల్లె అనుకుంటాం. కానీ ఒకప్పుడు ఇక్కడ బ్యాంకు ఉండేది, హోటళ్లుండేవి, రెండు వార్తాపత్రికలు అచ్చయ్యేవి.

అంతర్యుద్ధంతో బానిసత్వం పోయినా దక్షిణాది నల్లవారికి భూమి దక్కలేదు. దొరల పొలాల్లోనే పాలుకు సేద్యం, ఏటా తీరని అప్పు, పైగా ప్రాణభయం. 1862 నాటి హోంస్టెడ్ చట్టం ప్రకారం పడమటి మైదానాల్లో అయిదేళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమవుతాయి. ఆ ఆశ మీదే 1877లో నల్లజాతి పాస్టర్ డబ్ల్యూ.హెచ్. స్మిత్, తెల్లజాతి స్థలాల వ్యాపారి డబ్ల్యూ.ఆర్. హిల్ తదితరులు కలిసి ఊరి కంపెనీ పెట్టి, కెంటకీలో కరపత్రాలు పంచారు. ఆ సెప్టెంబరులో సుమారు 300 మంది కాన్సస్‌లోని ఎల్లిస్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి నడిచారు.

వచ్చి చూస్తే ఊరేదీ? మరుసటి వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఆమె ఊరెక్కడని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించాడట. ఆమెకు ఏడుపు ఆగలేదు. చెట్టు లేని మైదానంలో కలప ఎక్కడిది? గట్టు పక్కన నేల తవ్వి, పైన మట్టిపెళ్లలు కప్పుకుని, ఆ గుంతల్లోనే పొయ్యి రాజేసుకున్నారు. వంటచెరకు కూడా కరువే. ఎండిన అడవిదున్న పేడా, పొద్దుతిరుగుడు కట్టెలే మంటకు ఆధారం. నాగళ్లు చాలక చాలామంది పారలతోనే బీడు తిరగేశారు. ఎన్నో కుటుంబాలు వెనుదిరిగాయి. ఆ తొలి చలికాలంలో ఓసేజ్ తెగవారు తిండి పెట్టి ఆదుకున్నారని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. బానిసత్వంలో పుట్టిన మనుషులు ఆ గుంతల్లో పట్టుదలతో నిలబడ్డారన్న సంగతి నన్ను ఎప్పుడు తలచుకున్నా కదిలిస్తుంది.

నిలబడినవాళ్లు గోధుమ, మొక్కజొన్న పండించారు, చర్చి కట్టారు, బడి పెట్టారు. ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఆడిటరుగా గెలిచాడు. కాన్సస్‌లో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు ఆయనే.

ఇక రైలు సంగతి. 1887లో ఒక రైల్వే కంపెనీ చేత లైను తమ ఊరి మీదుగా వేయించుకోవడానికి టౌన్‌షిప్ ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. ఆ కంపెనీ రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ అనే మరో రైల్వే కంపెనీ వచ్చింది గానీ, నదికి అవతలి ఒడ్డున పట్టాలు వేసింది. వర్తకులు దుకాణాలు ఎత్తేసి ఆ లైను మీది బోగ్ ఊరికి తరలిపోయారు. పత్రికలు మూతపడ్డాయి. తర్వాతి కరువుల మీదే నింద వేయడం తేలిక. నా మటుకు, ఊరికి మొదటి దెబ్బ ఆ పట్టాలే. రైలుంటే ధాన్యం అమ్ముకునే దారి ఉండేది, చెడ్డ ఏళ్లను తట్టుకునే సత్తువ మిగిలేది.

1930ల ధూళి తుపానులు, ఆర్థిక మాంద్యం మిగిలిన పని పూర్తి చేశాయి. 1935 నాటికి 76 మంది, 1950కి 16 మంది. 1953లో పోస్టాఫీసు ఎత్తేశారు.

అయినా ఊరు చెరిగిపోలేదు. ఏటా జులై చివర్లో జరిగే విముక్తి ఉత్సవానికి దేశం నలుమూలల నుంచి వారసులు వస్తారు. వాళ్ల పట్టుదల వల్లే 1996లో కేంద్ర ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. మాంద్యం రోజుల్లో, 1939లో కట్టిన సున్నపురాతి టౌన్‌షిప్ హాలుతో పాటు రెండు చర్చిలు, పాత హోటలు, బడి ఆ గుర్తింపు కిందికి వచ్చాయి. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం చివర మిసిసిపీకి పడమట నల్లవారు కట్టుకున్న ఊళ్లలో ఈనాటికీ కాపురాలున్నది ఇదొక్కటే.