పంక్తి చివరి కనిపించని గుర్తులు: పుట్టుపూర్వోత్తరాలు

వెబ్‌సైటు కోడును ఒక కంప్యూటరు వ్యవస్థలో రాసి, ఆపై మరో వ్యవస్థకు మారి దిద్దినప్పుడు, చూపుకు ఒక్క అక్షరమైనా మారని ఫైలు పనిచేయకుండా మొరాయించడం, రెండు మాటలు దిద్దిన ఫైలులో పంక్తులన్నీ మారినట్లు నమోదు కావడం తరచుగా కనిపించే ఇబ్బందులు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. విద్యార్థుల ‘ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ’ శీతకాలంలో నిర్వహించే ‘వింటర్ ఆఫ్ కోడ్’ వంటి ఉమ్మడి కార్యక్రమాలలో విండోస్, లినక్స్, మ్యాక్ వాడేవారి మార్పులు ఒకే ఫైలులో వచ్చి కలుస్తాయి కనుక, అక్కడ ఈ ఇబ్బందికి అవకాశం మరీ ఎక్కువ. దీని మూలం కంప్యూటరు కంటే పాతదైన తంతి యంత్రంలో ఉంది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కూడలి స్టేషను, కర్మాగారం చుట్టూ ఎదిగిన ఖరగ్‌పూర్‌కు తంతి కొత్త కాదు. రైళ్ల రాకపోకలను నడిపించినదే తంతి. అయితే మోర్సు సంకేతాలను చెవితో విని కాగితం మీద రాసుకునే గుమాస్తాకు పంక్తి ఎక్కడ ముగించాలో ఎవరూ చెప్పనక్కరలేదు; సందేశాన్ని యంత్రమే అచ్చు వేయడం మొదలైనప్పుడు మాత్రం ఆ సంగతి కూడా సంకేతంగా పంపవలసి వచ్చింది. 1901లో డొనాల్డ్ మర్రే రూపొందించిన తంతి సంకేతావళిలో అందుకు రెండు గుర్తులు చేరాయి: అచ్చు వేసే భాగాన్ని పంక్తి మొదటికి తెచ్చేది ‘క్యారేజ్ రిటర్న్’, కాగితాన్ని ఒక పంక్తి పైకి జరిపేది ‘లైన్ ఫీడ్’. సెకనుకు పది అక్షరాలు కొట్టే టెలిటైప్ 33 వంటి యంత్రాలలో అచ్చు భాగం వెనక్కి రావడానికి ఒక అక్షరం పట్టే వ్యవధి చాలదు కనుక, ముందు క్యారేజ్ రిటర్న్, వెనువెంటనే లైన్ ఫీడ్ పంపే వరుస స్థిరపడింది.

అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ‘ఆస్కీ’ ప్రమాణం 1963లో వెలువడినప్పుడు ఈ రెండు గుర్తులకూ 13, 10 అనే సంఖ్యలు దక్కాయి. పంక్తి ముగింపుకు ఒక్క లైన్ ఫీడ్ చాలునని, అచ్చు యంత్రానికి కావలసిన మిగతా గుర్తును దానిని నడిపే ప్రోగ్రామే చేర్చుకుంటుందని మల్టిక్స్ వ్యవస్థ రూపకర్తలు నిర్ణయించగా, ఆ పద్ధతి యూనిక్స్‌కు, దాని బాటలో లినక్స్‌కు సంక్రమించింది. గ్యారీ కిల్డాల్ తయారుచేసిన సీపీ/ఎమ్ రెండు గుర్తులనూ నిలుపుకుంది. దాని నుంచి అవి 1981 నాటి ఎమ్మెస్-డాస్‌కు, తరువాత విండోస్‌కు వచ్చాయి. పాత మ్యాక్ యంత్రాలు క్యారేజ్ రిటర్న్ ఒక్కటే వాడి, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో యూనిక్స్ పద్ధతికి మారాయి.

బ్రౌజర్లు మూడు పద్ధతులనూ సమానంగా చదువుకుంటాయి కాబట్టి మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీకి నష్టం ఉండదు. చిక్కంతా సర్వరులో నడిచే కోడుకు వస్తుంది. లినక్స్ సర్వరులోని స్క్రిప్టు ఫైలు మొదటి పంక్తి తనను నడపవలసిన ప్రోగ్రాము పేరు చెబుతుంది. విండోస్‌లో భద్రపరచినప్పుడు ఆ పేరు చివర చేరిన క్యారేజ్ రిటర్న్‌ను సర్వరు పేరులో భాగంగానే చదివి, అటువంటి ప్రోగ్రాము లేదని తేల్చేస్తుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ‘గిట్’, అంటే కోడు మార్పులను వరుసగా భద్రపరిచే సాధనం, ఈ గుర్తులను తనంతట తాను మార్చే వీలు కల్పించింది. విండోస్ నోట్‌ప్యాడ్ మాత్రం ఒంటరి లైన్ ఫీడ్‌ను పంక్తి ముగింపుగా గుర్తించడం 2018లోనే నేర్చుకుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించడంతో, రైల్వే కొలువులతో తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారి భాషలో వెబ్ పేజీల అవసరానికి బలం చేకూరింది. తెలుగు విషయంలో అక్షరాల సంకేతాలు కూడా చెదరవచ్చు. 1991 నాటి యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించగా, 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లుగా నిలువ ఉంటుంది. దానిని పాత పాశ్చాత్య సంకేతావళిగా పొరబడి తెరిచిన ఎడిటరు ఒక్కొక్క సంకేతానికి బదులు మూడేసి అర్థంలేని గుర్తులు చూపుతుంది, అదే రూపంలో భద్రపరిస్తే మూలపాఠమే పాడవుతుంది. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 ఫైలు మొదట చేర్చే కనిపించని గుర్తు కూడా పీహెచ్‌పీ కోడు కంటే ముందే బ్రౌజరుకు చేరి, సర్వరు మొదట పంపవలసిన వివరాలకు అడ్డుపడుతుంది.

ఈ చిక్కులు ఏ వ్యవస్థ లోపం వల్లా పుట్టినవి కావు, ప్రతి వ్యవస్థా తనకు ముందున్న యంత్రం నుంచి అందుకున్న అలవాట్ల వల్ల పుట్టినవి. అందువల్ల మేలైన వ్యవస్థ ఏదో తేల్చుకోవడం కంటే, పంక్తులు లైన్ ఫీడ్‌తో ముగియాలని, పాఠం యూటీఎఫ్-8లో ఉండాలని ప్రాజెక్టులోని అమరిక ఫైలులోనే రాసిపెట్టడం వ్యవస్థ మారినవారికీ మారనివారికీ ఒకే విధంగా ఉపకరిస్తుంది.