ఉరుము మేఘాలు – పైలట్ విచక్షణ

ఉరుము మేఘంలోంచి ఉన్నట్టుండి కిందికి దిగే గాలి వైమానికులకు పాత శత్రువే. తెలుగునాట ఇంటింటా దాని గురించి మాట్లాడుకున్నది మాత్రం 2009 సెప్టెంబరు 2 తర్వాతే. ఆ ఉదయం 8.38కి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేటలో లేచిన బెల్ 430 హెలికాప్టర్, తిరుపతి దగ్గర అనుపల్లిలో జరిగే రచ్చబండకు చేరాల్సింది. గంట తిరక్కుండానే నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. ఇద్దరు పైలట్లతో సహా అందులోని అయిదుగురూ మరణించారు. శకలాలు మర్నాడు ఉదయం గాని దొరకలేదు. సీమలో ఉరుముల వానలు ఎక్కువగా పొద్దువాలాకే కురుస్తాయి. ఆ రోజు తొమ్మిదింటికే ఆకాశం కమ్ముకుంది.

కుండపోతగా పడే చినుకులు తమతోపాటు గాలినీ కిందికి లాగుతాయి. కొన్ని చినుకులు దారిలోనే ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి, చల్లబడిన గాలి బరువెక్కి మరింత వేగంగా దిగుతుంది. ఆ వేగం హెలికాప్టర్ పైకెక్కగల వేగాన్ని మించితే, ఇంజన్ ఎంత బాగా పనిచేస్తున్నా అది నేలవైపే దిగిపోతుంది. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతూ కూలిన ఈస్టర్న్ 66 విమానం మీద పరిశోధన చేసి, ఈ గాలికి 'డౌన్‌బర్స్ట్' అని పేరుపెట్టింది జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్త ఫుజిటా. మొదట్లో చాలామంది నమ్మలేదు. 1985లో డల్లాస్‌లో డెల్టా 191 కూలాక, అమెరికాలో గాలి మార్పును పసిగట్టే పరికరాలు, దాన్ని తప్పించుకునే శిక్షణ తప్పనిసరయ్యాయి.

గాలి గురించి తెలిసినంత మాత్రాన సరిపోదని చాటిన ప్రమాదం అంతకుముందే జరిగింది. 1972 డిసెంబరులో ఫ్లోరిడా చిత్తడినేలలో కూలిన ఈస్టర్న్ 401లో చెడింది ఒక చిన్న బల్బు. కాక్‌పిట్‌లో అందరూ దాని వెంటపడ్డారు, విమానం దిగిపోతున్న సంగతి ఎవరూ గమనించలేదు. 101 మంది చనిపోయారు.

పావురాలగుట్ట ప్రమాదంపై ఆర్.కె. త్యాగి కమిటీ ఇచ్చిన నివేదిక చదివితే ఆ బల్బే గుర్తుకొస్తుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక రాగానే పైలట్లు పుస్తకంలో దాని పేజీ కోసం వెతుకుతూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. ఈలోగా హెలికాప్టర్ ఉరుము మేఘంలోకి వెళ్లి తీవ్రమైన దిగుగాలిలో చిక్కుకుని అదుపు తప్పింది. కాక్‌పిట్ రికార్డర్‌లో చివరి క్షణాల్లో 'గో అరౌండ్' అన్న కేక పదేపదే వినిపించింది. అప్పటికి సమయం 9.27. నిజానికి పైలట్ విచక్షణ పనిచేయాల్సింది మేఘంలోకి వెళ్లకముందే. లోపలికి వెళ్లాక మిగిలేది చాలా తక్కువ.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, గాదంకిలో, పైకీ కిందికీ కదిలే ఈ గాలిని నేరుగా కొలిచే ఎంఎస్‌టీ రాడార్ 1990ల నుంచీ పనిచేస్తోంది. జాతీయ వాతావరణ పరిశోధనశాలకు చెందిన దీని ఆవరణలో 1,024 యాంటెన్నాలు వరుసల్లో నిలబడి ఉంటాయి. అది చూడగలిగేది తన నెత్తిమీది ఆకాశాన్నే. నల్లమల మీదుగా వెళ్లే పైలట్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అతని ముందున్న రాడార్ చూపేదేమో చినుకుల్ని. ఎరుపు రంగుంటే జోరువాన అని అర్థం, కానీ ఎరుపు లేనిచోట కూడా గాలి దిగుతుండవచ్చు. అందుకే తీవ్రమైన ఉరుము మేఘానికి కనీసం 20 మైళ్ల దూరం పాటించమని అమెరికా వైమానిక శాఖ పైలట్లకు చెబుతుంది.