చిరునామా లేని సిపాయి

ఢిల్లీలోని ఆర్.కె. పురం పూర్తి పేరు రామకృష్ణపురం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం 1950ల చివరి నుంచి సెక్టార్ల వారీగా లేచిన క్వార్టర్ల పేట ఇది. బదిలీల మీద ఇక్కడ దిగిన తెలుగు కుటుంబాలకు సెలవుల ప్రయాణమంటే జీటీ ఎక్స్‌ప్రెస్ రైలు, తర్వాత్తర్వాత ఏపీ ఎక్స్‌ప్రెస్. అంత దూరం సాగాలంటే చేతిలో కొమ్మూరి సాంబశివరావు యుగంధరో, మధుబాబు షాడోనో ఉండాల్సిందే. ఆ డిటెక్టివ్ నవలల అలవాటున్న వాళ్లకు ఇంగ్లీషు థ్రిల్లర్ల వీరుడు జాక్ రీచర్ ఇట్టే నచ్చేస్తాడు.

రీచర్ ఒకప్పుడు అమెరికా సైన్యంలో మిలిటరీ పోలీసు మేజరు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. ఉద్యోగం వదిలాక ఇల్లు లేదు, పెట్టె లేదు. జేబులో మడత టూత్‌బ్రష్ ఒకటి. బట్టలు మాసితే ఉతకడు, చవకలో కొత్తవి కొని పాతవి పారేస్తాడు. 1997లో వచ్చిన మొదటి నవలలో, ఎప్పుడో చనిపోయిన ఒక బ్లూస్ గాయకుడి ఊసు వెతుక్కుంటూ జార్జియాలో బస్సు దిగి ఒక చిన్న ఊరికి నడిచి వస్తాడు. హోటల్లో గుడ్లు తిని కాఫీ తాగుతుండగానే పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టి చుట్టుముడతారు. ఇక పుస్తకం కింద పెట్టడం ఎవరి తరం!

రాసినాయన లీ చైల్డ్, అసలు పేరు జిమ్ గ్రాంట్, ఇంగ్లండువాడు. 1995లో టీవీ కంపెనీలో కొలువు ఊడితే కాగితాలూ పెన్సిలూ కొనుక్కొచ్చి రాయడానికి కూర్చున్నాడు. అది కోల్డ్ వార్ ముగిసి అమెరికా సైన్యాన్ని కుదించుకుంటున్న కాలం. 1990లో 20 లక్షలకు పైగా ఉన్న బలగం దశాబ్దం చివరికి సుమారు 14 లక్షలకు దిగింది. రీచర్ దేశదిమ్మరితనానికి మూలం ఆ కోతలోనే ఉంది.

యుద్ధం ముగిసినప్పుడల్లా ఇలాంటి వీరుడు పుడుతూనే ఉన్నాడు. షెర్లాక్ హోమ్స్ పక్కనుండే వాట్సన్ అఫ్గాన్ యుద్ధంలో గాయపడి ఇంటికి చేరిన సైనిక వైద్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో వచ్చిన బుల్‌డాగ్ డ్రమండ్ శాంతికాలం విసుగెత్తి, సాహసం కావాలంటూ పేపర్లో ప్రకటన వేయించుకుంటాడు.

మన దేశంలో యూనిఫాం విప్పినవాడి కథ ఫైళ్లలో నడుస్తుంది. ఆ ఫైళ్ల గూడు ఆర్.కె. పురంలోనే, వెస్ట్ బ్లాక్ 4లో ఉంది. అక్కడి కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం 1919 నాటి ఇండియన్ సోల్జర్స్ బోర్డు. మాజీ సైనికులకు బతుకుతెరువు చూపే పునరావాస డైరెక్టరేట్ కూడా ఆ బ్లాకులోనే. ఏటా దాదాపు 60 వేల మంది సైన్యం వదిలి వస్తారు. ఎక్కువమందికి వయసు నలభై అటూ ఇటూ. పిల్లల చదువులు ఇంకా మొదట్లోనే ఉంటాయి, డిశ్చార్జి బుక్కు మాత్రం చేతికొచ్చేస్తుంది. బస్సెక్కి ఎటైనా పోదామనుకునే వయసు కాదది. థ్రిల్లరు రచయితలు ఈ నలభయ్యేళ్ల భయాన్ని కూడా రాస్తే ఎంత బాగుండును!

తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలో ఆ భయం ఇంటింటికీ తెలుసు. ఆ ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఊళ్లో లెక్క చెబుతారు. తిరిగొచ్చినవాళ్లు ఆ గోదావరి పొలాల మధ్యే స్థిరపడ్డారు. కొడుకుల్నీ మనవల్నీ మళ్లీ సైన్యానికే పంపారు.

ఢిల్లీలోనైతే రిటైరైన జవాన్లకు, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు పునరావాస డైరెక్టరేట్ చూపే దారుల్లో మదర్ డెయిరీ బూత్ ఒకటి. తెల్లవారకముందే షట్టరు లేస్తుంది. చలికాలంలో స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని స్టీలు క్యాన్లతో జనం వరస కడతారు. టోకెన్ వేయగానే మెషీన్ నుంచి పాలు ధారగా దిగుతాయి. కౌంటరు వెనక నిటారుగా నిలబడ్డ మనిషి ఒకప్పుడు ఏ సరిహద్దులోనో కాపలా కాసినవాడు. సాయంత్రం మళ్లీ అదే షట్టరు, అదే మనిషి.