కానుక వేస్తారా, వేయరా?

ఇంగ్లండ్, 1533. చర్చిలో జనం మధ్య నిలబడ్డారు మీరు. నడుముకు డబ్బు సంచి. చెయ్యి దాని మీదే ఉంచండి.

మొదట వచ్చినవాడు ఫ్రయర్, బిచ్చమెత్తుకుని బతికే సన్యాసి. డబ్బు కోసం కాదు, మీ ఆత్మల కోసం వచ్చానంటున్నాడు. అతను ప్రార్థనకు మోకరించాడో లేదో, ఇంకొకడు మూటతో జొరబడ్డాడు. పాపక్షమాపణ పత్రాలు అమ్మేవాడు. పోప్ పదో లియో ఆజ్ఞాపత్రం ఉందట. సెయింట్ లెనార్డ్ ప్రార్థనాలయం కాలిపోయిందట, చందా కావాలట.

మూట విప్పాడు. గొర్రె ఎముక. దీన్ని ముంచిన బావినీళ్లు పశువుల జబ్బులకు మందు, మొగుడి అనుమానానికీ మందే. చేతితొడుగు. ఇది తొడుక్కుని విత్తితే పంట ఇబ్బడిముబ్బడి, కాకపోతే ముందు కానుక పడాలి. సకల పునీతుల దవడ ఎముక. అందరికీ కలిపి ఒకటే దవడా? అడిగేలోపే మీ ముక్కు ముందు పరమ త్రిత్వపు కాలి బొటనవేలు. తండ్రిదా, కుమారుడిదా, పరిశుద్ధాత్మదా?

మీకు నవ్వొస్తోంది. అప్పుడే బాంబు వేశాడు: చెప్పుకోలేని పాపం చేసినవాళ్లు, మొగుణ్ణి మోసం చేసిన ఆడవాళ్లు కానుక వేయడానికి ముందుకు రాలేరు!

కదలకపోతే? పక్కావిడ మిమ్మల్నే చూస్తోంది. ఆమె చెయ్యి అప్పుడే సంచిలోకి పోయింది.

ఈ ఉచ్చు ఇంగ్లిష్ కవి చాసర్ పద్నాలుగో శతాబ్దంలోనే పన్నాడు. నాటకకర్త జాన్ హేవుడ్ దాన్ని దాదాపు అలాగే ఎత్తుకొచ్చి మీరు చూస్తున్న ఈ నాటకంలో పెట్టి, ప్రేక్షకులైన మిమ్మల్ని భక్తుల్ని చేసి నిలబెట్టాడు. ఇంత ఎగతాళి చేస్తున్నాడు, మతం మీద నమ్మకం లేనివాడా? కాదు, గట్టి కాథలిక్. అందుకే ఇంత మంట అనిపిస్తుంది నాకు.

ఫ్రయర్ ఊరుకుంటాడా? ప్రసంగం అందుకున్నాడు. రెండోవాడు ఆపలేదు. సంతలో ఒకే ఎద్దుకు ఇద్దరు దళారులు బేరం పెట్టినట్టు, ఇతనిదో మాట, అతనిదో మాట. పేదలకు పెట్టండి. పత్రం కొనండి. పెట్టండి. కొనండి. దైవవాక్యం? వినపడదు.

తిట్లు. శాపాలు. మీద పడ్డారు. ఒకడి చెవి ఇంకొకడి చేతిలో. వీడి జుట్టు వాడి చేతిలో.

ఆ చర్చి విచారణ గురువు పరుగున వచ్చాడు. నా చర్చిలోనా ఈ రచ్చ? ఫ్రయర్‌ను పట్టుకున్నాడు. పొరుగాయన ప్రాట్‌ను కేకేశాడు. ప్రాట్ రెండోవాణ్ణి పట్టాడు. వెళ్లి సాయం పడతారా? ఆలోచించకండి. గురువు తన్నులు తింటున్నాడు. ప్రాట్ కూడా. వదిలేశారు.

ఇద్దరు మోసగాళ్లూ దర్జాగా తలుపు వైపు నడుస్తున్నారు. మళ్లీ వచ్చేదాకా సెలవంటున్నారు.