వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

మొన్న ఆత్మకూరు బస్టాండులో నా పాత శిష్యుడొకడు కలిశాడు. నేను ఉదయగిరి బస్సు కోసం, అతను నెల్లూరు బస్సు కోసం ఎదురుచూస్తున్నాము. ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతున్నాడట. వచ్చే జీతం ఇల్లు గడవడానికి చాలదు. వేసవి రెండు నెలలూ అదీ ఉండదు. ఆ మాటా ఈ మాటా అయిన తరువాత, పక్కవారికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగాడు: "అయ్యోరూ, రాస్తే డబ్బులొస్తాయా?"

ప్రశ్న కంటే ఆ గొంతు తగ్గించడమే నన్ను ఎక్కువ బాధించింది. అప్పు అడిగేవాడు కూడా అంత సిగ్గుపడడు. ఆ సిగ్గును అతనికి నేర్పినవారిలో నేనూ ఒకణ్ణి. సరస్వతిని అమ్ముకోరాదని ముప్పయ్యేళ్ళు తరగతి గదిలో చెప్పినవాణ్ణి. ఇంతలో బస్సు వచ్చింది, జవాబు సగంలో నిలిచిపోయింది. మిగిలిన సగం ఈ టపా.

ఆ రోజు ఉదయగిరిలో దిగి కొండ వైపు చూస్తూ ఉంటే ఒక సంగతి తోచింది. రాతకు ప్రతిఫలం అనే విషయానికి ఈ ఊరికి అయిదు వందల ఏళ్ళ పైబడిన సంబంధం ఉన్నది. 15వ శతాబ్దం చివరి భాగంలో ఉదయగిరి ప్రభువైన బసవరాజుకు గంగయామాత్యుడనే మంత్రి ఉండేవాడు. నంది మల్లయ, ఘంట సింగయ అనే బంధువులిద్దరు కలిసి తెనిగించిన 'ప్రబోధచంద్రోదయము'నకు ఆయనే కృతిభర్త. తెలుగులో తొలి జంటకవులని మనం చెప్పుకునేది వీరినే. శ్రీనాథుని మరది దగ్గుపల్లి దుగ్గన రచించిన 'నాచికేతోపాఖ్యానము' కూడా ఉదయగిరి మంత్రికే అంకితమయింది.

కృష్ణమిశ్రుని సంస్కృత నాటకానికి తెలుగు కావ్యరూపం ఈ ప్రబోధచంద్రోదయము. వివేకుడికీ, మహామోహుడికీ జరిగే యుద్ధం అందులోని కథ. ధనాశ, లోభం ఎట్లా మనిషిని చెడగొడతాయో చెప్పే గ్రంథం ఒక సంపన్నుడైన మంత్రి ఆదరణ వలననే తెలుగులోకి వచ్చింది. ఇందులో వెక్కిరింత ఏమీ లేదు. కవికి అన్నం కావాలి, ఆకులు కావాలి, గంటం కావాలి, నిశ్చింతగా కూర్చునే కాలం కావాలి. అవి ఎవరో ఒకరు సమకూర్చాలి. ఆ సమకూర్చినవాని వంశాన్ని అవతారికలో వర్ణించడం ఆనాటి ఒడంబడిక.

ఆ జంటకవులే తమ 'వరాహపురాణము'ను తుళువ నరసనాయకునికి అంకితమిచ్చారు. అంటే ఒకే జీతానికి కట్టుబడినవారు కారు. ఒక్కొక్క కృతికి ఒక్కొక్క కృతిభర్త. నేడు 'ఫ్రీలాన్సు' అనే మాటకు అర్థం ఇంతకంటే వేరుగా ఏమున్నది? సింగయ మేనల్లుడు నంది తిమ్మన 'పారిజాతాపహరణము'ను నరసనాయకుని కుమారుడైన శ్రీకృష్ణదేవరాయలకు ఇచ్చాడు. ఆ రాయలే 1514లో గజపతుల నుండి ఈ ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకొని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి అక్కడ గుడి కట్టించాడు. రాజ్యాలు మారాయి, కృతిభర్తలు మారారు, కావ్యాలు నిలిచాయి.

ఇక్కడ మన జిల్లాలోని మరొక మహాకవిని తలచుకోకపోతే లెక్క సరిపోదు. తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి వద్ద మంత్రి. 'నిర్వచనోత్తర రామాయణము'ను రాజుకు అంకితమిచ్చాడు. భారతం పదిహేను పర్వాలను మాత్రం హరిహరనాథునికి ఇచ్చాడు. మేము విద్యార్థులకు దీనిని భక్తిగానూ, అద్వైత దృష్టిగానూ బోధించాము. అది నిజమే. కానీ దానికి ఒక లౌకికమైన పార్శ్వం కూడా ఉన్నది. తిక్కనకు మంత్రిపదవి ఉన్నది. పూట గడవడానికి భారతాన్ని ఎవరికో ఇవ్వవలసిన అగత్యం లేదు. వేరే జీవిక ఉన్నవాడికి తన కృతిభర్తను తాను ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది. శ్రీనాథునికి చివరి దశలో ఆ ఆసరా కరువైందని చాటువులు చెప్పే కథ మనకందరికీ తెలిసినదే.

రాజులు పోయిన తరువాత రాత ఆగలేదు, కూలి కూడా ఆగలేదు. వెలిగొండలకు అవతల కడపలో సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో నియమించి తాళపత్ర ప్రతులను సరిచూయించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ పని చేసిన పండితులు జీతం తీసుకున్నారు. తీసుకున్నందున వేమన పద్యానికి మైల పట్టలేదు. వారు జీతం తీసుకొని ఆ పని చేయకపోయి ఉంటే ఎన్ని గ్రంథాలు చెదలకు ఆహారమయ్యేవో!

పల్లెలో అయితే కలం పట్టి బతికినవాడు కరణం. 1984 జనవరిలో ఆ వ్యవస్థ రద్దయింది. మా వైపు కరణాలలో కొందరు ఆ తరువాత రిజిస్ట్రారు కచేరీల దగ్గర దస్తావేజు లేఖరులుగా కూర్చున్నారు. చెట్టు కింద అర్జీలు రాసేవారు కూడా ఉండేవారు. హద్దులు చెప్పడంలో వారి వాక్యం ఎంత బిగువుగా ఉండేదో! తూర్పున వాగు, పడమట ఫలానావారి మామిడి తోట. ఒక్క మాట అటూ ఇటూ అయితే రెండు కుటుంబాలు కోర్టుకెక్కుతాయి. పుటకు ఇంత అని ముందే చెప్పి, రాసి, చదివి వినిపించి, డబ్బు తీసుకొని పంపేవారు. వారినెవరూ సరస్వతిని అమ్ముకున్నారనలేదు.

అన్నది మేమే, తెలుగు పండితులమే, మమ్మల్ని మేమే అనుకున్నాము. దాని ఫలితం చూడండి. పదవీ విరమణ చేసే ప్రతి ప్రధానోపాధ్యాయునికీ నేను సన్మానపత్రం రాసేవాణ్ణి. పెళ్ళిళ్ళకు పద్యాల పంచరత్నాలు రాసేవాణ్ణి. సన్మానపత్రం అచ్చువేసినవాడికి డబ్బు ముట్టింది. చట్రం కట్టినవాడికి ముట్టింది. పూలదండవాడికి, షామియానావాడికి ముట్టింది. పద్యాలు కట్టినవాడికి మాత్రం ఒక శాలువా. మా ఇంట్లో ఇనప్పెట్టె నిండా శాలువాలే. పిల్లల పరీక్ష ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు ఆ పెట్టె మూత తీసి చూసుకునేవాణ్ణి.

ఒక వేసవిలో ఒక ప్రచురణకర్త పదో తరగతి తెలుగు గైడు రాయమన్నాడు. పుటకు ఇంత అని నోటిమాట. సెలవులన్నీ కూర్చుని రెండు వందల పుటలు రాసి ఇచ్చాను. పుస్తకం వచ్చింది, దాని మీద పేరు నాది కాదు. డబ్బు రాలేదు. అడుగుదామని వెళ్ళి, ఆయన తెప్పించిన కాఫీ తాగి, అడగకుండానే తిరిగి వచ్చాను. ఆ బస్సు ప్రయాణం నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన చేసినది మోసమే. కానీ దానికి దారి ఇచ్చినది నా సిగ్గు.

1957 నాటి కాపీరైటు చట్టం అప్పటికే ఉన్నదని, అందులో 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉంటే తప్ప హక్కుల బదిలీ చెల్లదని నాకు తెలియదు. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే అని నేటి చట్టం భావిస్తుంది. హక్కులు ఇచ్చివేసిన తరువాత కూడా 'ఇది నా రచన' అని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ రచయితకే ఉంచింది. వ్యాకరణ సూత్రాలన్నీ కంఠస్థం చేసినవాణ్ణి, ఈ రెండు సూత్రాలు చదవలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం ఆకాశవాణిది. 1963లో మొదలైన కడప కేంద్రం మా పడమటి ఊళ్ళలో బాగా వినబడేది. నా తొలి ప్రసంగానికి ముందు తపాలాలో ఒక కాంట్రాక్టు కాగితం వచ్చింది. విషయం, నిమిషాలు, తేదీ, పారితోషికం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఒప్పుకుంటే సంతకం చేసి పంపాలి. అంతే. తరువాత చెక్కు వచ్చింది. పెద్ద మొత్తం కాదు. అయినా ఆ కాగితం ఇచ్చిన గౌరవం ఏ శాలువా ఇవ్వలేదు. వెల ముందే చెప్పడంలో అవమానం లేదని, చెప్పకపోవడంలోనే ఉన్నదని ఆనాడు అర్థమయింది. ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉన్నది కదా అని భయపడ్డాను. చూస్తే, అప్పుడప్పుడు చేసే సాహిత్య రచనకు అది అడ్డు చెప్పదు.

ఇక మా ఊళ్ళలో రాతతో అదనపు సంపాదన అనేది పదిమందికి అందుబాటులోకి వచ్చినది పత్రికల జిల్లా అనుబంధాలతో. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది; ఇతర పత్రికలూ ఆ దారి పట్టాయి. మండలానికొక కంట్రిబ్యూటరు కావలసి వచ్చాడు. ట్యూషన్లు చెప్పేవారు, చిన్న అంగడి నడిపేవారు, ఉద్యోగం రాని పట్టభద్రులు విలేకరులయ్యారు. నెల జీతం కాదు, లైన్ అకౌంటు. అచ్చయిన వార్తను కొలిచి, దానిని బట్టి డబ్బు. నా శిష్యుడొకడు ఆ రోజుల్లో వాక్యాలు సాగదీసి రాసేవాడు. "క్రియాపదం ఇంత ఆలస్యంగా వస్తున్నదేమిరా" అంటే, "అది దూరంగా ఉంటేనే లైను పెరుగుతుంది అయ్యోరూ" అని నవ్వేవాడు. డెస్కులో కూర్చున్నవాడు అంతకంటే గడుసు, కత్తిరించేవాడు.

ఆ కాలంలోనే కలిగిరి మండలం దూబగుంట పేరు దేశమంతా వినబడింది. 1990లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలయింది. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. తాగుడు వల్ల చితికిన సంసారం కథ. రాత్రిబడిలో దానిని చదివిన ఆడవాళ్ళు ఇది మా కథే అనుకున్నారు. రోశమ్మ వంటివారు ముందు నిలిచి ఊళ్ళో సారా అంగడి మూయించారు. ఆ అనుభవం 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే మరొక పాఠమయి ఇతర ఊళ్ళకు పాకింది. 1992లో సారా వేలంపాటలు అడ్డుకున్నారు. పత్రికలు పుటలకు పుటలు కేటాయించాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ పుటలు నింపినవారిలో లైన్ అకౌంటు విలేకరులు ఎందరో. నా శిష్యుడు కూడా దుమ్ములో తిరిగి వార్తలు పంపాడు. బస్సు ఖర్చులు పోగా ఏమీ మిగలలేదన్నాడు. "ఆ వార్తలకు మాత్రం వాక్యాలు సాగదీయబుద్ధి కాలేదు" అన్నాడు. కొన్నేళ్ళకు వార్తలతో పాటు ప్రకటనలు తెచ్చిపెట్టమని అతని మీద ఒత్తిడి వచ్చింది. ఎవరి గురించి రాయాలో వారి దగ్గరే ప్రకటన అడగాలి. అతనికి చిన్న కిరాణా అంగడి ఉన్నది గనుక ఒకనాడు కార్డు తిరిగి ఇచ్చేసి వచ్చాడు. అంగడి లేని మిత్రుడు ఇవ్వలేకపోయాడు. తిక్కన విషయంలో నేను చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది.

ఆ వాచకంలోని పాఠం రాసిన చేతులెవరివో మనలో ఎంతమందికి తెలుసు? కావ్యం రాసిన చేయి, దస్తావేజు రాసిన చేయి, పాఠం రాసిన చేయి, అన్నీ ఒకటే జాతి. అమ్ముడుపోవడమంటే డబ్బు తీసుకోవడం కాదు. ఇచ్చేవాడెవరో, దేనికి ఇస్తున్నాడో తెలిసి కూడా కళ్ళు మూసుకోవడం.

కనుక నాయనా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. డబ్బులొస్తాయి, కొద్దిగా వస్తాయి, ఆలస్యంగా వస్తాయి. ఉద్యోగం మానకు. రాత వేణ్ణీళ్ళకు చన్నీళ్ళుగా ఉన్నంతకాలం నీకు కాదనే హక్కు ఉంటుంది. కథలు మాత్రమే నమ్ముకోకు. 'భారతి' 1991లో ఆగింది, తరువాత 'చందమామ' ఆగింది, 2020 మహమ్మారి కాలంలో మరికొన్ని పత్రికల అచ్చు నిలిచింది. అనువాదం, అచ్చుప్రతులు దిద్దడం, పాఠ్య సామగ్రి రాయడం, వీటికి మంచి తెలుగు తెలిసినవాడి అవసరం నేటికీ ఉన్నది. నీకు అచ్చుతప్పు కనబడుతుంది. అది అందరికీ ఉండే చూపు కాదు.

మొదటి వ్యాసం నీ కాళ్ళ కింది నేల మీద రాయి. ఉదయగిరిలో నర్ది, బిక్కి వంటి కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనిలో ఆడవాళ్ళే ఎక్కువ. ఒక రోజు వారి దగ్గర కూర్చో. కర్ర ఎక్కడిది, ఏ పనిముట్టు ఎప్పుడు పడతారు, చెంచాకు ఎంత వస్తుంది అని అడిగి తెలుసుకో. వాళ్ళు తమ చెంచా వెల చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారేమో కూడా గమనించు.

రాసినదానికి నకలు ఉంచుకో. పంపే ముందు పారితోషికం ఎంతో, ఎప్పుడో, హక్కులు ఎవరివో అడిగి కాగితం మీద పెట్టించు. కాఫీ ఇస్తే తాగు. తాగిన తరువాత అయినా అడుగు.

మళ్ళీ ఆత్మకూరు బస్టాండులో కలుస్తాము కదా. ఈసారి ఆ ప్రశ్న గట్టిగానే అడుగు. పక్కవాళ్ళు వింటే విననీ.