కనకాభిషేకం, కనకరసం: రాయవేలూరు సీమలో మత్తుమొక్కలు, దైవారాధన

అప్పయ్య దీక్షితుల పేరు తెలుగువారికి కొత్త కాదు. ఆంధ్రుడుగా పుట్టడమూ, ఆంధ్రభాష మాట్లాడగలగడమూ కొద్దిపాటి తపస్సుకు దక్కే ఫలం కావని చెప్పే శ్లోకం ఆయన పేరుమీదనే ప్రచారంలో ఉంది. అలంకారశాస్త్రం చదివినవారు ఆయనను కువలయానందకర్తగా ఎరుగుదురు. శైవవేదాంతం చదివినవారికి ఆయన శివార్కమణిదీపికాకర్త. ఆయన ఉమ్మెత్తరసం తాగి, ఆ మైకంలో ఏభై శ్లోకాల స్తోత్రం చెప్పారన్న కథ మాత్రం పండితగోష్ఠుల్లో ఒక ముచ్చటగా చెప్పుకొని వదిలిపెట్టేదిగానే ఉండిపోయింది. మత్తు కలిగించే మొక్కలకూ దైవారాధనకూ ఉన్న సంబంధం గురించి లోకంలో చాలా చర్చ జరుగుతున్న ఈ కాలంలో, ఆ కథను కొంత నిదానంగా చదవవలసి ఉంది.

దీక్షితుల స్వగ్రామం అడయపాలం. ఆరణికి సమీపంలో ఉన్న ఈ ఊరు ఒకప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది, నేడు తిరువణ్ణామలై జిల్లాలో ఉంది. ఆయన జీవితకాలాన్ని 1520-1593గా పరిశోధకులు ఎక్కువమంది అంగీకరించారు. విజయనగర ప్రభువులకు లోబడి రాయవేలూరును ఏలిన చినబొమ్మనాయకుడు ఆయనకు ప్రధాన పోషకుడు. అడయపాలంలో దీక్షితులు కట్టించిన కాలకంఠేశ్వరాలయంలోని శాసనం శాలివాహన శకం 1504, అంటే క్రీ.శ. 1582 నాటిది. శివార్కమణిదీపికను ఐదువందల మంది పండితులకు బోధించిన సంగతీ, చినబొమ్మని ఆదరణా అందులో ఉన్నాయి. నాయకుడు ఆయనకు కనకాభిషేకం చేశాడన్నది ఆ కాలంలోనే కావ్యాలకెక్కిన విషయం.

ఇక కథ. తనకు శివునిమీద ఉన్న భక్తి నిజమైనదేనా, లేక శాస్త్రవాదాల్లో గెలవడానికి పనికివచ్చే పైపూత మాత్రమేనా అని దీక్షితులకు సందేహం కలిగిందట. తెలివిగా ఉన్న మనిషి తన్ను తానే మోసగించుకోగలడు కనుక, తెలివి తప్పినప్పుడు నోట ఏమి వస్తుందో చూడాలనుకున్నారు. ఉమ్మెత్తరసం తాగి, మైకంలో తాను ఏమన్నా దాచకుండా రాసిపెట్టమని శిష్యులతో చెప్పారు. శిష్యులు రాసినదే ఆత్మార్పణస్తుతి. దానికే ఉన్మత్తపంచాశతి అని మరో పేరు.

ఇక్కడ పదం గురించి ఒక మాట. సంస్కృత 'ఉన్మత్త' శబ్దమే మన ఉమ్మెత్తకూ, తమిళుల ఊమత్తైకీ మూలం. అమరకోశం ఈ చెట్టుకు ఉన్మత్త, కితవ, ధూర్త, ధత్తూర అన్న పేర్లు చెప్పి, బంగారానికున్న పేర్లన్నీ దీనికీ చెల్లుతాయంటుంది. కాబట్టి కనకమంటే పసిడీ, ఉమ్మెత్తా కూడా. రాయవేలూరు సభలో కనకంతో స్నానం చేసిన పండితుడే ఇంటికి వచ్చి కనకాన్ని తాగాడన్నమాట. ఈ చమత్కారం కథను అల్లినవారికి తెలియకుండా ఉంటుందని నేను అనుకోను.

కథ అక్షరాలా జరిగిందా? అనుమానించడానికి గట్టి కారణాలే ఉన్నాయి. ఉమ్మెత్తలో ఎట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే విషద్రవ్యాలున్నాయి. తిన్నవారికి నోరు ఎండిపోతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. లేని మనుషులతో మాట్లాడతారు, గాలిలో ఏవో ఏరుతుంటారు. తేరుకున్నాక ఏమీ గుర్తుండదు. ఒక చెట్టుకూ మరో చెట్టుకూ, ఆకుకూ గింజకూ విషం పాళ్ళు మారుతాయి కనుక ఇంత తింటే ప్రమాదం లేదని చెప్పే కొలత లేదు; ప్రాణం పోయిన సందర్భాలెన్నో. పంతొమ్మిదో శతాబ్దపు మన దేశపు వైద్యన్యాయ గ్రంథాలు ఉమ్మెత్తగింజలు పెట్టి బాటసారులను దోచుకున్న ఉదంతాలతో నిండి ఉన్నాయి. అటువంటి స్థితిలో ఉన్నవాడు పాదానికి పదిహేడక్షరాల మందాక్రాంతలో యతిభంగం లేకుండా శ్లోకం వెంట శ్లోకం చెప్పడం సాధ్యమా? నా అభిప్రాయంలో పేరు ముందు, కథ తర్వాత. భక్తిపారవశ్యంలో చెప్పిన ఏభై శ్లోకాలకు 'ఉన్మత్త' అన్న విశేషణం చేరింది. ఆ విశేషణంలోంచి ఉమ్మెత్తచెట్టు మొలిచింది. స్తోత్రంలో పూజకు సులభంగా దొరికే పూలుగా దీక్షితులు ఎత్తిచూపినవి జిల్లేడు, తుమ్మి అన్నది కూడా గమనించదగినది.

జరగలేదని తేలినంత మాత్రాన కథకు చరిత్రలో విలువ లేకపోదు. మొక్క పని ఏమిటన్న విషయంలో ఆ సమాజం ఏమి నమ్మిందో అది చెబుతుంది. ఆ విలువ తెలియాలంటే బయటి వాదాన్ని ఒకసారి చూడాలి.

మెక్సికో దేశపు మసతెక్ జాతివారి రాత్రిపూజలో పుట్టగొడుగులు తిన్న అనుభవాన్ని 1957లో పత్రికలో రాసి ప్రపంచానికి పరిచయం చేసిన ఆర్. గార్డన్ వాసన్, 1968లో ఋగ్వేద సోమం కూడా ఎర్రటోపీపై తెల్లచుక్కలుండే ఒక పుట్టగొడుగేనని గ్రంథం రాశాడు. 1971లో సంస్కృత పండితుడు జాన్ బ్రఫ్ ఆ వాదాన్ని వేదపాఠం ఆధారంగానే గట్టిగా ఖండించాడు. అయినా వాసన్ బృందం ఆగలేదు. అటువంటి మొక్కలకు సైకెడెలిక్ అన్న పేరు చాలదని, 'లోపల దేవుణ్ణి కలిగించేది' అన్న అర్థం వచ్చేలా 1979లో ఎంథియోజెన్ అనే కొత్త మాట కల్పించారు. అమెరికాలోని మూలవాసులు పెయోటీ అనే ముళ్ళులేని కాక్టస్‌ను పవిత్రప్రసాదంగా స్వీకరించే చర్చిని 1918లో ఓక్లహోమాలో చట్టబద్ధంగా నమోదు చేసుకున్నారు. 1994లో ఆ దేశపు చట్టం వారి హక్కును స్పష్టంగా కాపాడింది. అక్కడ మొక్క తినడమే పూజ. మొక్క లేకపోతే దర్శనం లేదు. ఇది వారి విషయంలో సత్యం. దీన్ని తెచ్చి ప్రతి దేశపు ప్రతి దేవుడికీ తగిలించడంతోనే చిక్కు వస్తున్నది.

దీక్షితుల కథలో ఉమ్మెత్త దర్శనం ఇవ్వదు. దేవుణ్ణి లోపలికి తీసుకురాదు. లోపల ఉన్నదానికి కావలి కాసే బుద్ధిని కాసేపు పక్కకు తప్పిస్తుందంతే. ఆ ఖాళీలో శివుడు కనిపిస్తే అది ఉమ్మెత్త గొప్ప కాదు, అప్పటిదాకా చేసిన సాధన గొప్ప. అంటే ఇక్కడ మొక్క ప్రసాదం కాదు, ఒరపురాయి. చిత్రమేమంటే ఇదే ఊహ మూడువందల ఏళ్ళ తర్వాత మరో ఖండంలో పుట్టింది. అమెరికా టెక్సాస్ రాష్ట్రంలో రాబర్ట్ హౌస్ అనే ప్రసూతి వైద్యుడు స్కోపోలమిన్ ఇచ్చిన బాలింతలు మైకంలో ప్రశ్నలకు దాపరికం లేకుండా జవాబిస్తున్నారని 1916లో గమనించి, 1922లో ఆ మందును ఖైదీలపై ప్రయోగించాడు. నిజం చెప్పించే మందు అన్న పేరు దానికి వచ్చింది. తర్వాత అది నమ్మదగినది కాదని తేలింది.

సోమం సంగతి మరీ ఆసక్తికరం. దీక్షితుడన్న మాటకు సోమయాగంలో దీక్ష పొందినవాడని అర్థం. మన తిక్కనను సోమయాజి అంటున్నదీ యాగం చేసినందుకే. శతపథబ్రాహ్మణం నాటికే అసలు సోమం దొరకనప్పుడు వాడవలసిన మొక్కల ప్రస్తావన కనిపిస్తుంది. దక్షిణాదిన యాజ్ఞికులు వాడుతూ వచ్చిన సోమలత ఆకుల్లేని, పాలు కారే తీగ. దాని రసం మత్తెక్కించదు. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు అతిరాత్ర అగ్నిచయనం చేసినప్పుడు పిండినదీ ఇటువంటి తీగనే. కాబట్టి అప్పయ్య దీక్షితుల కాలానికి వాస్తవం ఇది: శాస్త్రోక్తంగా తాగిన రసంలో మత్తు లేదు, మత్తున్న రసానికి శాస్త్రంలో చోటు లేదు. ఉమ్మెత్త పువ్వు శివుని శిరసు మీదికి వెళ్ళింది. ఆకు వినాయకచవితి నాటి ఇరవైయొక్క పత్రిలో చేరింది. తమిళ శైవ నాయనార్ల పాటల్లోనూ శివుడు ఊమత్తం ధరించినవాడే. విషాన్ని కంఠంలో పెట్టుకున్న దేవుడికి విషపుష్పం అలంకారం. భక్తుడికి అది తినవలసిన ప్రసాదం కాదు.

అయితే మత్తు మొక్కను నిజంగానే భక్తితో వాడినవారు లేరా అంటే, ఉన్నారు. బైరాగులూ, సాధువులూ గంజాయిని శివునికి ప్రియమైనదిగా భావించి చిలుంలో పీల్చారు, పాలలో కలిపి తాగారు. 1893లో ఏర్పడ్డ భారత గంజాయి విచారణ సంఘం 1193 మంది సాక్షులను విచారించి మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, నిషేధం అవసరం లేదని, మతాచారాల్లో జోక్యం తగదని అది అభిప్రాయపడింది. ఆ నివేదికలో మద్రాసు రాజధాని సాగుభూములుగా కనిపించేవి ముఖ్యంగా రెండు: నాటి కృష్ణాజిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు ప్రాంతం, ఉత్తర ఆర్కాటు జిల్లా వేలూరు తాలూకాలోని కణియంబాడి ఫిర్కా. కణియంబాడి రాయవేలూరుకు దక్షిణాన, ఆరణివైపు వెళ్ళే దారిలో, జవ్వాది కొండల చేరువలో ఉంది. అంటే దీక్షితులు అడయపాలానికీ నాయకుని కోటకూ మధ్య తిరిగిన సీమే ఇది. తర్వాత సర్కారు లైసెన్సులూ గిడ్డంగులూ పెట్టి పంటను అదుపులోకి తెచ్చుకుంది. కొండవాలు రైతుకు అది పంట, ఖజానాకు ఆదాయం, బైరాగికి శివప్రసాదం. ఒకే మొక్క! 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూగుత్తులను గంజాయిగా నిర్వచించి నేరం చేసింది, పూగుత్తులు లేని ఆకును మాత్రం ఆ నిర్వచనం నుండి తప్పించింది. గృహస్థుల తీర్పు ఏ చట్టానికీ ఆగలేదు. 'గంజాయి వనంలో తులసిమొక్క' అన్న నానుడిలో ఏది పూజకు తగినదో, ఏది కాదో తెలుగు ఇల్లాలు ఎప్పుడో తేల్చేసింది.

రాయవేలూరు నుండి పడమరగా గుడియాత్తం వెళితే మరో లోకం. పలమనేరు వైపు నుండి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున, గోపాలపురంలో గంగమ్మ గుడి ఉంది. ఏటా తమిళ వైకాశి నెల మొదటిరోజున, అంటే మే మధ్యలో, శిరస్సు పండుగ జరుగుతుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుండి అమ్మవారి శిరస్సును ఊరేగించి, గోపాలపురంలో చండాలస్త్రీ మొండెంపై అమరుస్తారు. పరశురాముడు తండ్రి ఆజ్ఞతో తల్లి రేణుక తల నరికిన కథ ఇది. ప్రాణం తిరిగివచ్చినప్పుడు తల ఒకరిది, ఒళ్ళు ఒకరిది అయింది. ఈ పండుగకు తమిళులతోపాటు తెలుగువారూ, కన్నడిగులూ వస్తారు.

ఈ సీమ అమ్మవారి జాతరల్లో దేవత మనుషుల ఒంటిమీదికి వస్తుంది. తెలుగులో దాన్ని పూనకమంటాం. 'పూను' అంటే వహించడం, తలకెత్తుకోవడం. తమిళంలో అరుళ్ అనీ, మరుళ్ అనీ రెండు మాటలున్నాయి. మొదటిది అనుగ్రహం, రెండవది మైమరపు. ఆ రెండోదానికి మన 'మరులు' చుట్టమే కాని, మనం దాన్ని వలపుకు వాడుకున్నాం. మత్తు అన్న మాటను మాత్రం పూనకానికి ఏ భాషలోనూ వాడరు. ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ పనిచేసేవి పంబ, ఉడుక్కై వాద్యాల దరువు, ఉపవాసం, పసుపునీళ్ళు, చేతిలో వేపమండ. వేప చేదే కాని భ్రాంతి కలిగించదు. పంబ వాయిస్తూ అమ్మవారి కథ చెప్పే పంబలవారి గురించి థర్‌స్టన్ 1909లోనే రాశాడు. వారి దరువు మారితే పూనకం వస్తుంది, మరోలా మారితే దిగుతుంది.

కల్లును మరచిపోరాదు. మాదిగల మాతంగి పూనకంలో కల్లు పుక్కిలించి జనంమీద ఉమ్మడాన్ని పాత గ్రంథకర్తలు వర్ణించారు. అగ్రవర్ణాలవారు సైతం ఆ ఉమ్మిని పవిత్రమని స్వీకరించడం వారికి వింతగా తోచింది. ఇక్కడ కూడా చూడండి, కల్లు మాతంగికి దేవతను తెచ్చేది కాదు. దేవత వచ్చాక ఆమె నోట చేరి పవిత్రమయ్యేది. వరుస తలకిందులు. మద్యనిషేధం ఈ వరుసను పట్టించుకోలేదు. 1937లో సేలంతో మొదలైన నిషేధం 1938లో చిత్తూరు, కడప జిల్లాలకూ, 1939లో ఉత్తర ఆర్కాటుకూ వచ్చింది. స్వాతంత్ర్యానంతరం రాష్ట్రాలు విడిపోయి, చట్టాలూ విడిపోయాయి. తమిళనాడులో కల్లుగీతపై 1987 నుండి నిషేధముంది. కౌండిన్యకు ఎగువన, ఆంధ్రప్రదేశ్ వైపు, కల్లు చట్టసమ్మతమే. గంగమ్మ రెండు గట్లమీదా ఒక్కతే. ఏరు దాటితే ఆమె నైవేద్యం నేరమవుతుంది.