ఐర్లండు పంపిన ఒకేయొక ఐరిషు పాట

యూరపు ఖండమందలి ప్రసారసంస్థలు కలసి 1956లో స్విట్జర్లండు దేశపు లుగానో పట్టణమున యూరోవిజను అను పాటలపోటీని ప్రారంభించినవి. దేశమునకొక పాట, దానిని ఎంచి పంపు భారము ఆ దేశపు ప్రసారసంస్థది. ఐర్లండు 1965లో ఇందు చేరినది. అక్కడి ఆర్.టి.ఇ. సంస్థ ముందుగా స్వదేశమున నొక పోటీ నడపి, అందు నెగ్గిన పాటను పంపుచుండెను.

1965లో స్వీడను గాయకుడు ఆంగ్లమున పాడెను. మరుసటి యేడు, ప్రతి దేశమును తన దేశభాషలలోనే పాడవలెనను నిబంధన వచ్చినది. ఐర్లండునకు దీనివలన చిక్కు లేదు. 1937 నాటి రాజ్యాంగము ననుసరించి ఐరిషు ప్రథమాధికారభాష, ఆంగ్లము ద్వితీయాధికారభాష. ఏది పాడినను చెల్లును. చెల్లును గనుకనే కాబోలు, 1971 వరకు పంపిన ఏడు పాటలును ఆంగ్లమే. 1970లో డానా అను బాలిక ఆ దేశమునకు తొలి విజయము తెచ్చినదియు ఆంగ్లగీతముతోనే.

పరభాష రాజ్యమేలు సీమలలో తెలుగు చెప్పుకొని బ్రదుకు మాబోటి ఉపాధ్యాయులకు ఇది ఆలోచింపదగిన విషయము. "మన భాషకిక్కడ అధికారస్థానమొక్కటి యుండిన చాలును గదా" అను మాట మన సంఘములలో తరచు వినుచుందుము. ఐర్లండున ఆ స్థానముండెను. బడులలో నిర్బంధబోధనయు నుండెను. కాని 1840ల నాటి మహాక్షామమునకును, తదనంతరపు వలసలకును బలియైన ఆ భాష, స్వరాజ్యము వచ్చునాటికే పడమటి తీరపు కొన్ని పల్లెపట్టులలో తప్ప ఇంటిభాషగా నిలువలేదు. బడిలో తప్పనిసరి, బజారులో అరుదు.

1972లో మాత్రము స్వదేశపు ఎంపికలో ఒక ఐరిషు పాట నెగ్గినది. దాని పేరు 'క్యోల్ అన్ గ్రా', అనగా ప్రేమసంగీతము. జో బర్కెట్, లియమ్ మాక్ ఉష్టీన్ అనువారు దానిని కూర్చిరి. శాండీ జోన్స్ పాడెను. (ఈ మాక్ ఉష్టీన్ రచించిన పద్యమే డబ్లిను నగరమున స్వాతంత్ర్యయోధుల స్మారకోద్యానపు గోడపై చెక్కబడి యున్నది.)

ఆ యేటి పోటీ మార్చి 25న ఎడిన్‌బరోలో జరిగెను. దేశములు 18. దేశమునకిద్దరు నిర్ణేతలు, ఒకరు పిన్నవారు, ఒకరు పెద్దవారు; పరదేశపు ప్రతి పాటకును ఒక్కొక్కరు 1 మొదలు 5 వరకు మార్కులిత్తురు. ఐర్లండుకు వచ్చినవి 72; స్థానము 15. లక్సెంబర్గు పక్షమున గ్రీకు సంతతి గాయని విక్కీ లియాండ్రోస్ ఫ్రెంచిలో పాడి 128 మార్కులతో గెలిచెను.

ఐరిషున పాడుటచేతనే ఓడిరనుట సులభము. నాకది సబబుగా తోచదు. ఆ నిర్ణేతలలో చాలమందికి ఫిన్నిషును ఐరిషువలెనే పరాయిది. అయినను ఫిన్నిషు పాట 12వదిగా నిలిచెను. మాల్టీసు పాట కడపటిదాయెను. కావున పాటకు పాట వేరు. విచారింపవలసినది తరువాతి కథ. 1973లో భాషానిబంధన సడలెను, 1977లో మరల బిగిసెను, 1999లో తొలగెను. ఇన్ని మార్పులలోను ఐర్లండు పెద్దల పోటీకి పూర్తి ఐరిషు గీతమును మరల పంపలేదు. 1970 నుండి 1996 వరకు గెలిచిన ఏడు పర్యాయములును ఆంగ్లమే పాడినది.

పిల్లల యూరోవిజను సంగతి వేరు. అచ్చట పాట ప్రధానముగా దేశభాషలో నుండవలెను. 1996లో వెలసిన ఐరిషు టెలివిజను సంస్థ, ఇప్పటి టి.జి.4, 2015లో ఆ బాధ్యత వహించి, ఐరిషుననే పిల్లలకు పోటీలు నడపి ఎన్నికచేయసాగెను. ఆ యేడు సోఫియాలో వారి పాటకు 12వ స్థానము లభించినది. 2022లో యెరెవానున 'సొలస్', అనగా వెలుగు, అను పాటతో ఐర్లండు బాలిక 4వ స్థానమునకు వచ్చెను.